ఆటగానికి తగిన కఱ్ఱ



నేడు నేను మాటలాడబోవునది గోల్ఫు ఆటను గూర్చి. ఆ ఆటతో మాకేమి పని అని మీలో కొందరు అనుకొందురు. నిజమే. అది మన పొలముల గట్లపై పుట్టినది కాదు. స్కాట్లండు దేశమున, సముద్రపుటొడ్డున, గొఱ్ఱెలు మేసెడి ఇసుకనేలలపై పెరిగిన ఆట. అచ్చటి జనులు విలువిద్య మాని ఈ ఆటకు మరిగినారని 1457వ సంవత్సరమున, రెండవ జేమ్సు రాజు కాలమున, పార్లమెంటువారు దీనిని నిషేధించుచు శాసనము చేసిరి. విలువిద్య వెనుకబడినది, ఆట మాత్రము నిలిచినది. అయినను నేను ఆటను గూర్చి కంటె, ఒక పనిముట్టును ఒక మనిషికి తగునట్లు అమర్చుటను గూర్చియే ఎక్కువగా చెప్పదలచితిని. ఆ సంగతి మీకు క్రొత్తది కాదు.

నా చిన్నతనమున మా యింట క్రొత్త నాగలి చేయించినపుడు వడ్రంగి మేడిని ఒక్కసారిగా చెక్కి ముగించెడివాడు కాడు. మా తండ్రిగారిని నాగలి పట్టి నాలుగు చాళ్లు దున్నుమనెడివాడు. తాను గట్టుపై కూర్చుండి చుట్ట కాల్చుకొనుచు ఆయన నడుమువైపు చూచెడివాడు. నడుము వంగుచున్నదా, మోచేయి పైకి లేచుచున్నదా, కర్రు నేలలో దిగుచున్నదా, తేలిపోవుచున్నదా అని చూచి, పిమ్మట బాడిస అందుకొనెడివాడు. మా తండ్రిగారి నాగలి మా పినతండ్రిగారికి చేతికి వచ్చెడిది కాదు. గజముబద్దకు అందెడి కొలత ఒకటి, మనిషి నడకలో తేలెడి కొలత మరియొకటి. ఇంత చూచి పెరిగినవాడనైయుండియు ఈ సంగతిని నేను డెబ్బదియవ ఏట స్కాట్లండులో మరల నేర్చుకొనవలసి వచ్చినది.

ఆట యెరుగనివారికి రెండు మాటలు. చిన్న గట్టిబంతిని కఱ్ఱతో కొట్టి, వందలాది గజముల దూరముననున్న గుంటలో పడవేయవలెను. అట్టి గుంటలు పదునెనిమిది. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలుచును. బంతి అడ్డుకొలత 1.68 అంగుళములు, గుంట అడ్డుకొలత 4.25 అంగుళములు, అనగా గుంట వెడల్పు రెండున్నర బంతులంత. సంచిలో పదునాలుగు కఱ్ఱల వరకు ఉండవచ్చును. దూరమునకు కొట్టునవి కొన్ని, ఇసుకలోనుండి లేపునవి కొన్ని. గుంట చుట్టును పచ్చికను మిక్కిలి పొట్టిగా కత్తిరించి చదును చేసియుందురు. ఆ చదునుపై బంతిని ఎగురవేయుట లేదు, దొర్లించుటయే. అట్లు దొర్లించు కఱ్ఱకు పట్టరు అని పేరు. మన చెవికి ఎవరును పట్టరన్నట్లు వినబడును గాని, దాని కిటుకంతయు పట్టుటలోనే యున్నది.

సాధారణముగ ఒక ఆటకు 72 దెబ్బలు లెక్క పెట్టుదురు. అందులో గుంటకు రెండేసి చొప్పున 36 దెబ్బలు, అనగా సరిగా సగము, ఈ పట్టరుకే విడిచియుందురు. కండబలముతో 250 గజములు కొట్టినదియు ఒక దెబ్బయే, మూడడుగులు దొర్లించినదియు ఒక దెబ్బయే. ముసలివాడు పడుచువానితో సమానముగ నిలువగల తావు ఈ ఆటలో ఏదైన నున్నచో అది ఈ పచ్చికచదునే.

నేను భూమికొలతల శాఖలో ముప్పది యేండ్లు పనిచేసినవాడను. సికిందరాబాదు దండు ప్రాంతమున పనిచేయునపుడు ఒక పై యధికారివలన ఈ ఆట అలవడినది. మా అబ్బాయికి నేనే నేర్పితిని. అతడిప్పుడు ఎడింబరో నగరమున ఉద్యోగములో నున్నాడు. డెబ్బది నిండిన యేట వేసవికి నేనచ్చటికి పోగా, నాకొక క్రొత్త పట్టరును బహూకరించినాడు. వెల అడుగగా చెప్పలేదు. ఉక్కు కాడ, వెండివలె మెరయు తల, ముప్పదియైదు అంగుళముల పొడవు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళములు.

ఆ కఱ్ఱతో నేను ఆడినంత అధ్వాన్నముగ జన్మలో ఎన్నడును ఆడలేదు. నాలుగడుగుల దూరమునుండి కొట్టినను బంతి గుంట ప్రక్కగా జారిపోవుచుండెను. మొదట కఱ్ఱ క్రొత్తది కాబట్టి అనుకొంటిని. తరువాత నేల క్రొత్తదనుకొంటిని. ఆ తరువాత నా చేయి ముదిమివలన వణకుచున్నదని నిశ్చయించుకొంటిని. కొడుకిచ్చిన వస్తువును తప్పుపట్టవలెనని మాత్రము నాకు తోచలేదు.

ఈ ఆటలో ఒక మర్యాద కలదు. ఇద్దరు ఎదురెదురుగ ఆడునపుడు, ఎదుటివాని బంతి గుంటకు మిక్కిలి చేరువగా నున్నచో, అది ఎట్లును పడును గదా యని, "అది చాలును" అని దానిని చేతితో తీసి ఇచ్చివేయవచ్చును. పడినట్లే లెక్క. జానెడు దూరమునకు ఇది చేయుదురు. మా అబ్బాయి మొదట జానెడు దూరమునకు చేసినాడు. పిదప మూరెడు దూరమునకు, ఆపైన రెండు మూరలకు! నేను కఱ్ఱ సరిచేసికొనునంతలోనే "అది చాలును నాన్నగారూ" అని వంగి బంతిని తీసి నా చేతిలో పెట్టుచుండెను. లెక్కచీటిలో నేను కొట్టని దెబ్బలను కొట్టినట్లు, పడని బంతులను పడినట్లు వ్రాయుచుండెను. దయతో చేసినదే, ఎరుగుదును. కాని వాని చేతికి కఱ్ఱ ఇచ్చి నిలువబడుట నేర్పినది నేను. ఇక ఈ ఆట మానివేయుదునని ఒక రాత్రి నాలో నేను తీర్మానించుకొంటిని.

మానుటకు ముందు ఒక్కసారి చూపించుకొందమని, అబ్బాయికి చెప్పకుండ, ఫైఫు తీరమున ఒక పల్లెలో గోల్ఫుకఱ్ఱలు అమర్చెడి ఒక పెద్దమనిషి యొద్దకు బస్సులో పోయితిని. చిన్న పనికొట్టము. గోడనిండ కఱ్ఱలు, ఒక ప్రక్క పట్టుడుబల్ల, నేలపై పచ్చని తివాచి, దాని చివర ఒక గుంట. ఆయన నా కఱ్ఱను చూడనే లేదు. "పది బంతులు కొట్టుడు" అని ముక్కాలిపీటపై కూర్చుండి మౌనముగ చూచెను. చుట్ట ఒక్కటియే తక్కువ.

పది బంతులైన పిమ్మట ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "నడుము నొప్పి ఉదయమా, సాయంకాలమా?" నేను నొప్పి యున్నదని చెప్పలేదు.

తరువాత నన్ను కఱ్ఱ లేకుండ, సుఖముగ వంగి, చేతులు వ్రేలాడదీసి నిలువుమనెను. చేతులు సహజముగ వచ్చి నిలిచిన తావునకును, నా కఱ్ఱ పిడి యున్న తావునకును రెండంగుళముల తేడా యున్నది. ఆ రెండంగుళములు ఇముడుటకై నేను మోచేతులు ముడిచి, బంతికి ఎడముగ జరిగి నిలుచుచున్నానట. అట్లు నిలిచినందున కఱ్ఱ తల నేలపై చదునుగ కూర్చుండక, మడమ ఆని, ముక్కు పైకి లేచినది. ఆయన రెండు నాణెములు తీసి ఆ ముక్కు క్రింద అవలీలగా దూర్చెను. నేలకును కాడకును గల ఈ కోణమును ఒరుగు అందము. ఒరుగు తప్పినచో కఱ్ఱ మొగము గుంటవైపు చూచుచున్నట్లే యుండి కొంచెము ఎడమకు చూచును. కుడిచేతివాటము వారి మాట చెప్పుచున్నాను, ఎడమచేతివారికి తలక్రిందులు.

పిమ్మట నేలపై గీత గీసిన యొక అద్దము పరచి, దానిపై బంతి నుంచి, నా కన్నులు ఎచ్చట కనబడుచున్నవో చూడుమనెను. బంతికి సరిగా పైన నుండవలసిన కన్నులు నా పాదములవైపు బెత్తెడు లోపలికి వచ్చియున్నవి. "మీ కళ్ళజోడు రెండు చూపులది కదా?" అనెను. అవును, పైభాగము దూరపుచూపునకు, క్రిందిభాగము చదువుటకు. తల వంచి బంతిని చూచునపుడు నేను చదువుకొను అద్దములోనుండి చూచుచున్నాను. పుస్తకమునకై చేసిన అద్దము నాలుగడుగుల క్రిందనున్న బంతిని మసక చేయును. రెండు అద్దములు కలిసెడి గీత యొద్ద వస్తువు ఎగిరి ప్రక్కన పడినట్లు తోచును. మెట్లు దిగునపుడు ఈ జోడు పెట్టుకొన్నవారికి కాలు తడబడుట ఇందుకే. కఱ్ఱ పట్టినపుడు ఒక్కచూపు అద్దములే పెట్టుకొమ్మని చెప్పెను. దీనికి ఆయన రుసుము తీసికొనలేదు.

ఇక నాకు మిక్కిలి సిగ్గు కలిగించిన పరీక్ష. కఱ్ఱ మొగమునకు చిన్న అద్దపుబిళ్ళ అతికించి, గుంట యొద్దనుండి లేజరు కిరణమును దానిపై పడునట్లు చేసెను. నేను కఱ్ఱను గుంటకు సూటిగ పెట్టితినని చెప్పగనే బంతిని తొలగించెను. కిరణము అద్దమున తగిలి తిరిగిపోయి నేను నిజముగ ఏ వైపునకు గురి పెట్టితినో ఆ వైపున ఎఱ్ఱని చుక్కగ పడును. పది అడుగుల దూరమున ఆ చుక్క గుంటకు నాలుగంగుళములు కుడిగా పడినది. ముప్పది యేండ్లు దుర్భిణి గుండ సూటి చూచి సరిహద్దురాళ్లు పాతించినవాడను! ఇంకొకమారు పెట్టితిని, మరల అచ్చటనే.

పది అడుగులనగా 120 అంగుళములు. ఆ దూరమున ఒక్క డిగ్రీ తప్పినచో బంతి రెండంగుళములకు పైగా ప్రక్కకు పోవును. గుంట నడిమినుండి అంచునకు గల దూరము అంతియే. కాబట్టి ఒక్క డిగ్రీ తప్పినవాని బంతి అంచు రాచుకొని పోవచ్చును, పడవచ్చును. రెండు డిగ్రీలు తప్పినవానికి ఆశ లేదు. మరి నేను ఇన్నాళ్లు అప్పుడప్పుడైనను ఎట్లు వేయగలిగితిని? ఆయన చెప్పిన సమాధానము నేను మరువలేనిది. కన్ను కుడికి గురిపెట్టుచున్నదని నా మణికట్టు ఎరుగునట. కొట్టు క్షణమున అది తనంతట తాను ఎడమకు తిప్పుచున్నదట. రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టివేసిన దినమున బంతి గుంటలో పడును. ఒకటి మాత్రమే పనిచేసిన దినమున చేయి వణకినదని నేను అనుకొందును. వణకు లేదు. నా చేయి ఎవరును అడుగని చాకిరి చేయుచుండెను.

ఆపైన కఱ్ఱ మొగమునకు తెల్లని పొడి చల్లి కొట్టించెను. బంతి తగిలిన చోటులు ఒకటి మడమవైపు, ఒకటి ముక్కువైపు, చల్లిన గింజలవలె నున్నవి. నడుమ తగులని బంతి కఱ్ఱ తలను మెలి త్రిప్పి వేగము కోల్పోవును. ఈ మెలిని తగ్గించుటకు ఉపాయము పన్నినవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ అను ఆయన. నార్వే దేశమున 1911లో పుట్టి, పసితనముననే అమెరికా చేరి, చెప్పులు కుట్టి బ్రదికి, పిదప జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరైనవాడు. నలువది యేండ్లు దాటిన పిమ్మట గోల్ఫు పట్టి, బంతి గుంటలో పడకపోగా, తప్పు తనదా కఱ్ఱదా యని ఆలోచించెను. ఆయన చేసిన పని మీకు కావడిని తలచినచో తెలియును. బరువంతయు నడుమ మూటగట్టిన కఱ్ఱను ఇటునటు త్రిప్పుట తేలిక. అంత బరువును రెండు కొనలకు వ్రేలగట్టినచో అది అంత త్వరగా తిరుగదు. సోల్‌హైమ్ కఱ్ఱ తలలోని బరువును మడమకును ముక్కునకును పంచెను. 1959లో చేసిన మొదటి కఱ్ఱ బంతికి తగిలినపుడు పింగుమని మ్రోగెనట. దానికి పింగ్ అనియే పేరు పెట్టెను. 1966లో ఆయన చేసిన ఆన్సర్ అను కఱ్ఱ రూపము నేటికిని ఎందరో అనుకరించుచున్నారు. చెప్పులు కుట్టినవాడు కొలతను గూర్చి ఆలోచించుటలో నాకు వింత తోచలేదు.

క్రొత్త కఱ్ఱను పెద్దలు వెంటనే ఒప్పుకొందురా? 1904లో వాల్టర్ ట్రావిస్ అను ఆయన అమెరికానుండి ఇంగ్లండు పోయి, పోటీకి ముందు తన పట్టరుతో ఏమియు చేయలేక, తోడివాని యొద్దనుండి కాడ తల నడుమ దిగిన స్కెనెక్టడీ అను పట్టరును తీసికొని, బ్రిటిషు అమెచ్యూరు పందెమును గెలిచెను. ట్రావిస్ ముప్పదియైదవ యేట ఆట మొదలుపెట్టినవాడు. 1910లో సెయింటు ఆండ్రూసు పెద్దలు ఆ విధమైన కఱ్ఱను నిషేధించిరి. ఆ నిషేధము తొలగుటకు సుమారు నలువది యేండ్లు పట్టినది. నేటి నిబంధనలు మరింత ఉదారములు. పట్టరు పొడవు 18 అంగుళములకు తగ్గరాదు. కాడ నిట్టనిలువునుండి కనీసము 10 డిగ్రీలు ఒరిగియుండవలెను. అయితే పొడుగు కఱ్ఱ కొనను రొమ్మునకో పొట్టకో ఆన్చి కొట్టుటను 2016 జనవరి 1 నుండి మాన్పించిరి. నడుమునొప్పివారికి అది కొంత కష్టమే కలిగించినదని నా యభిప్రాయము.

మరల కొట్టములోనికి వత్తును. కఱ్ఱ మొగము కొంచెము వెనుకకు వాలియుండును, మూడు నాలుగు డిగ్రీలు. బంతి తన బరువుచే పచ్చికలో ఇసుమంత దిగి కూర్చుండును గనుక, దానిని ఆ గుంతనుండి లేపుటకు ఈ వాలు. ఎక్కువైనచో బంతి ఎగిరి గంతులు వేయును, తక్కువైనచో నేలకు అదిమినట్లగును. నా బంతులు గంతులు వేయుచుండెను. వాలు తగ్గింపవలెనేమో యని నేనంటిని. ఆయన తల యూపెను. పొడుగు పిడి పొట్టకు అడ్డు వచ్చినందున నా చేతులు బంతికి వెనుకబడుచున్నవి. చేతులు వెనుకబడిన కొలది వాలు పెరుగును. పొడవు తగ్గినచో చేతులు తమ తావునకు వచ్చును, వాలు దానంతట సరిపడును. "ఒక రోగమునకు రెండు మందులు వేయరాదు" అనెను. ఈ మాట నాకు నచ్చినది. నేడు కొన్ని అంగళ్లలో యంత్రము ముందు నిలువబెట్టి, అది చూపిన అంకెలన్నిటికి ఒక్కొక్క మరమ్మతు చొప్పున చేసి పంపుదురు. అంకెలు అబద్ధము కావు గాని, వాటిలో మొదటిది ఏదో, దాని వెంట వచ్చినవి ఏవో యంత్రము చెప్పదు.

అప్పుడాయన నా కఱ్ఱను మొదటిసారి చేతిలోనికి తీసికొని, త్రిప్పి చూచి, "మంచి వస్తువు. ఎవరిచ్చినారు?" అని అడిగెను. కొడుకని చెప్పితిని. కోయుమని కూడ చెప్పితిని. ఆయన కోయలేదు. పిడి కొననుండి రెండంగుళముల క్రింద ఎఱ్ఱని పట్టీ చుట్టి, "ఒక వారము దీని క్రిందనే పట్టి ఆడుడు. ఉక్కు కోసిన తరువాత పెరుగదు. వారము పిమ్మట మీ కుమారునితో కలిసి రండు" అనెను.

ఆ రాత్రి భోజనమైన పిదప అబ్బాయికి అంతయు చెప్పితిని. చెప్పుటకు నాకు నాలుక ఆడలేదు. నీవిచ్చినది నాకు సరిపడలేదనుట తండ్రికి సులభమైన మాట కాదు. అతడు పట్టీ చుట్టిన కఱ్ఱను చాలసేపు చూచుచు కూర్చుండెను. అతడు నా కంటె అరడుగు పొడవరి. "అంగడిలో నేనే నిలువబడి పట్టి చూచి కొన్నాను నాన్నగారూ" అనెను. కొంతసేపటికి, "మీరు నా కంటె పొట్టియని నాకు ఎప్పుడును తోచలేదు" అనెను.

వారము పిమ్మట ఇద్దరము పోయితిమి. ఆ పెద్దమనిషి కాడను పట్టుడుబల్లలో బిగించి, చిన్న చక్రపుకత్తితో రెండంగుళములు కోసెను. పొడవు తగ్గినచో తల చేతికి తేలికగ తోచును గనుక, తల అడుగుననున్న బరువుబిళ్ళలను తీసి కొంచెము బరువైనవి మరతో బిగించెను. మెడను అరకోణము వంచి, ముక్కు క్రింద నాణెము దూర్చి చూచెను, దూరలేదు. నా వ్రేళ్ల కీళ్లు బిగుసుకొనియుండుట చూచి సన్నని పిడి తీసివేసి లావుపాటిది తొడిగెను. ముందువైపు పలకగా నుండు పిడి పట్టరుకు మాత్రమే చెల్లును. బొటనవ్రేళ్లు ఆ పలకపై ఆనును. అన్నిటికి ఒక గంట పట్టినది. కోసిన ముక్కను చెత్తబుట్టలో వేయబోగా, అబ్బాయి అడిగి తీసికొని జేబులో వేసికొనెను.

లేజరు చుక్క ఆ దినమున గుంటలోనే పడినది. ఇది మంత్రమని చెప్పను. ఆరడుగుల దూరమునుండి పదింట మూడు వేయుచుండెడి నేను ఇప్పుడు అయిదు వేయుచున్నాను. మిగిలిన అయిదు నావి.

తిరుగుదారిలో సెయింటు ఆండ్రూసు పోయితిమి. అచ్చట పాత గోల్ఫు మైదానపు ప్రక్కనే, మిట్టపల్లములుగ నుండు ఒక పెద్ద పచ్చికబయలు కలదు. 1867లో స్త్రీలు తమకొక క్లబ్బు పెట్టుకొని పట్టరు ఆట మాత్రమే ఆడిన తావు అది. పరదేశులును స్వల్పరుసుము చెల్లించి ఆడవచ్చును. దాని పేరు హిమాలయములు. మన హిమాలయముల పేరును సముద్రపుటొడ్డున మోకాలెత్తు గుట్టలకు పెట్టుకొన్నారని మేమిద్దరము నవ్వుకొంటిమి.

ఏడవ గుంట యొద్ద నా బంతి మూడడుగుల దూరమున ఆగినది. ఎగుడునేల, కొంచెము ఎడమకు వాలు. అబ్బాయి అలవాటున ఒక అడుగు ముందుకు వేసి, ఆగి, వెనుకకు జరిగి, నా చూపునకు అడ్డు రాకుండ ప్రక్కన నిలిచెను. నేను కొట్టితిని. బంతి అంచు తాకి ఆవలకు పోయినది. మరల వెనుకకు వచ్చి కొట్టితిని, పడినది.

అబ్బాయి జేబులోనుండి పెన్సిలు తీసి చీటిలో నాలుగు అని వ్రాసెను.